బెలుం గుహల పైకప్పు మీద ఏముంది?

కడప బండ పరిచిన వంటగట్టు మీద నిమ్మకాయ పిండి, కారిన రసాన్ని తుడవకుండా వదిలేస్తే తెల్లారేసరికి అక్కడొక తెల్లటి మచ్చ కనిపిస్తుంది. సబ్బు రాసినా, పీచు పెట్టి తోమినా అది పోదు. మరకైతే కదా పోవడానికి! అక్కడ రాయే కాస్త కరిగి నునుపు పోయింది. కడప బండ, బేతంచెర్ల బండ, నాపరాయి... కొట్లో ఏ పేరు చెప్పి అమ్మినా అన్నీ సున్నపురాయి కుటుంబమే. పులుపు తగిలితే కరగడం ఆ రాయి గుణం.

నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలంలోని బెలుం గుహలు పుట్టింది ఆ గుణం వల్లే. అక్కడ పని చేసిన పులుపు వాననీటిది. చినుకు ఆకాశంలోంచి దిగేటప్పుడే గాలిలోని కార్బన్ డయాక్సైడును కొంచెం కలుపుకుంటుంది. అందుకే ఏ కాలుష్యమూ లేని వాననీటి పీహెచ్ కూడా 7 ఉండదు, 5.6 దగ్గర ఉంటుంది. అయితే అసలు పులుపు ఎక్కేది నేలలోకి ఇంకాకే. బయటి గాలిలో కార్బన్ డయాక్సైడు 0.04 శాతం. వేళ్లు, సూక్ష్మజీవులు ఊపిరి తీసే మట్టిలో అది ఒక శాతమో, అంతకు మించో ఉంటుంది. ఆ మట్టిని దాటి వచ్చిన నీరు పలుచని కార్బోనిక్ ఆమ్లంగా మారి రాతి నెర్రెల్లోకి దిగుతుంది. రాయిలోని కాల్షియం కార్బొనేటును బైకార్బొనేటుగా కరిగించి తనతో పట్టుకుపోతుంది. ఒక్క చినుకు పట్టుకుపోయేది కంటికి ఆనదు. కానీ వాన ఏటా వస్తూనే ఉంటుంది, ఎదురుగా లక్షల ఏళ్ల కాలం ఉంది.

ఈ లెక్కలో మట్టిని మరవకూడదు. గుహను తొలిచిన పులుపు మట్టిలోనే తయారైంది. పైన మట్టి, దాని మీద చెట్టూ చేమా లేకపోతే కింద గుహ కథ వేరుగా ఉండేది. గుహలను కాపాడాలని అందరూ అంటారు. అన్నవాళ్లలో ఎక్కువమంది చూపు గుహ లోపలే ఆగిపోతుంది. పైకప్పు మీద ఏం జరుగుతోందో చూసేవాళ్లు తక్కువ. ఈ వ్యాసం ఆ పైకప్పు గురించి. అయితే అక్కడికి వెళ్లే ముందు ఒకసారి లోపలికి దిగాలి.

బొర్రా గుహలకు వెళ్లినట్టు బెలుంకు కొండ ఎక్కి వెళ్లనక్కర్లేదు. తాడిపత్రి వైపు నుంచి వస్తే బండల గుట్టలు, పాలిష్ ఫ్యాక్టరీలు, సిమెంటు లారీలు దాటాక చదునైన చేల మధ్య ఆగుతాం. మైదానంలో ఇంత పెద్ద గుహ ఉండడమే బెలుం ప్రత్యేకత. నేలలో పాడుబడ్డ దిగుడుబావుల్లాంటి మూడు గోతులు ఉంటాయి. నడిమి గోతిలోంచి మెట్లు దిగితే 20 మీటర్ల లోతున దారి అడ్డంగా తిరుగుతుంది. కొలిచిన మొత్తం పొడవు 3,229 మీటర్లు. అందులో సందర్శకులకు తెరిచింది కిలోమీటరున్నర. పాతాళగంగ అని పిలిచే చోటు ప్రవేశద్వారం మట్టానికి 46 మీటర్ల దిగువన ఉంది. పొడవులో మేఘాలయ గుహలదే పైచేయి, అక్కడి క్రెమ్ లియట్ ప్రా 30 కిలోమీటర్లు దాటింది. కానీ మామూలు చెప్పులేసుకుని, పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లి చూడగలిగిన గుహల్లో మన ఉపఖండంలో బెలుందే పెద్దపీట.

గుహంటే చల్లగా ఉంటుందనుకుని వచ్చినవాళ్లు పది నిమిషాల్లో చెమటతో తడిసిపోతారు. లోతైన గుహలో గాలి వేడి దాదాపుగా పైనున్న ఊరి ఏడాది సగటు ఉష్ణోగ్రతతో సమానంగా ఉంటుంది. యూరప్‌లో ఆ సగటు చలి పుట్టించేదే. రాయలసీమ సగటు సంగతి వేరుగా చెప్పాలా! పైగా నిండా తేమ, కదలని గాలి. అందుకే బెలుంలో బయటి గాలిని గొట్టాలతో లోపలికి పంపే ఏర్పాటు చేశారు.

లోపల ముందుగా చూడాల్సింది గోడలు. చాలామంది పడగలు, లింగాలు, ఊడలు వెతుక్కుంటూ గోడల్ని దాటిపోతారు. చేత్తో ముట్టకుండా టార్చిని గోడకు ఏటవాలుగా పట్టి చూడండి. నల్లని రాయి పొరలు పొరలుగా, పుస్తకం అంచులా కనిపిస్తుంది. ఒక్కో పొర ఒకప్పటి సముద్రం అడుగు. గవ్వ, శంఖం ఉన్న జీవులు భూమ్మీద పుట్టకముందే, ఇప్పటి కర్నూలు, కడప సీమలను కప్పిన లోతులేని సముద్రంలో పేరుకున్న సున్నపు బురద ఇదని చాలామంది భూవిజ్ఞానుల లెక్క. భూవిజ్ఞాన పటాల్లో దీని పేరు నార్జి సున్నపురాయి. పొరలు అడ్డంగా, వాటిని కోస్తూ నెర్రెలు నిలువుగా ఉంటాయి. నీరు ఆ నెర్రెలనే పట్టుకుని పోయింది కాబట్టి బెలుం పటం చూస్తే దారులు ఊరి వీధుల్లా ఒకదాన్నొకటి కోసుకుంటూ కనిపిస్తాయి.

గోడలు ఎక్కడికక్కడ నున్నగా, పైకప్పు గుండ్రంగా తిరిగి ఉండడానికీ కారణం ఉంది. ఈ దారులు ఒకప్పుడు నీటితో నిండుగా ఉండేవి. నిండిన గొట్టంలో నీరు అడుగును, పక్కలను, పైకప్పును ఒకేలా కరిగిస్తుంది. భూగర్భజలాల మట్టం కిందికి జారాక దారులు ఖాళీ అయి గాలి చొరబడింది. రెండో అంకం అప్పుడు మొదలైంది. పైనుంచి సున్నాన్ని మోసుకొచ్చే నీటిబొట్టు పైకప్పుకు వేలాడుతున్నప్పుడు, దానిలోని కార్బన్ డయాక్సైడు గుహ గాలిలోకి తప్పించుకుంటుంది. పులుపు విరిగిన నీరు అంత సున్నాన్ని మోయలేదు. మిగిలిందాన్ని అక్కడే వదిలేస్తుంది. పైనుంచి దిగేది, కిందినుంచి లేచేది, రెండూ కలిసి స్తంభమయ్యేది అన్నీ ఇలా వదిలేసిన సున్నమే. కోటిలింగాలు, వేయిపడగలు, ఊడలమర్రి అని మనం పేర్లు పెట్టుకున్న ఆకారాలన్నీ రెండో అంకంలోవి. ఇవి పెరిగే వేగం చోటును బట్టి మారుతుంది కానీ సాధారణంగా ఏడాదికి మిల్లీమీటరులో పదో వంతు, అంతకంటే తక్కువ కూడా. జానెడు కొన విరిస్తే సుమారు రెండువేల ఏళ్లు విరిచినట్టు.

బెలుం గుహల ఉనికిని 1884లో నమోదు చేసింది రాబర్ట్ బ్రూస్ ఫూట్. మద్రాసు దగ్గర పల్లవరంలో 1863లో రాతి గొడ్డలిని గుర్తించి, మన దేశ చరిత్రపూర్వ యుగం అధ్యయనానికి దారి వేసినవాడు ఆయనే. ఆ రోజుల్లో ఆయన మనసు బెలుం మీద కంటే బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహల మీద ఎక్కువగా ఉండేది. అక్కడ ఎముకలు ఉన్నాయని కెప్టెన్ న్యూబోల్డ్ 1844లోనే రాశాడు. ఫూట్, ఆయన కొడుకు హెన్రీ కలిసి ఆ గుహల అడుగున పేరుకున్న మట్టిని పొరలవారీగా తవ్వించారు. దొరికిన ఎముకలను పరిశీలించిన రిచర్డ్ లిడెక్కర్ వాటిలో ఒక ఖడ్గమృగాన్ని గుర్తించి, 1886లో దానికి రైనోసెరస్ కర్నూలియెన్సిస్ అని పేరు పెట్టాడు. కర్నూలు పేరు మీద ఒక ఖడ్గమృగం! ఇప్పుడు జొన్న, శనగ పండే ఆ నేల మీద అప్పుడు ఎలాంటి గడ్డి, ఎంత నీరు ఉండి ఉంటాయో ఊహించుకోవచ్చు. బయట ఎండకూ వానకూ చివికిపోయే ఎముక గుహలోని సున్నపు మట్టిలో నిలిచింది.

ఫూట్ తర్వాత బెలుంను దాదాపు వందేళ్లు ఎవరూ పట్టించుకోలేదు. 1982, 1983 సంవత్సరాల్లో డానియెల్ గెబావర్ నాయకత్వంలో జర్మన్ గుహాన్వేషకులు వచ్చి దాన్ని పూర్తిగా కొలిచారు. గుహను కొలవడమంటే టేపు పట్టుకుని నడవడం కాదు. ఒక బిందువు నుంచి ఇంకో బిందువుకు దూరం, దిక్సూచితో దిశ, వాలుమాపకంతో ఎత్తుపల్లం ఈ మూడూ రాసుకోవాలి. గోడలు ఎంతెంత దూరంలో ఉన్నాయో, పైకప్పు ఎంత ఎత్తుందో అక్కడికక్కడే గీసుకోవాలి. వెలుతురు నెత్తిమీది దీపానిదే. బొమ్మ గీసే కాగితం చెమటకు తడుస్తుంది, సందు ఇరుకైతే బోర్లా పాకుతూ గీయాలి. ఇప్పుడు లేజరుతో దూరం, దిశ, వాలు ఒక్క నొక్కుతో తెలుస్తున్నాయి కానీ పాకడం మాత్రం తప్పలేదు. ఈ పటం లేకపోతే గుహ ఏ చేను కింద, ఏ రోడ్డు కింద, ఏ గని కింద నుంచి పోతోందో ఎవరూ చెప్పలేరు. గుహకు పటం భూమికి అడంగల్ లాంటిది, లేనప్పుడు ఎవరైనా ఆక్రమిస్తారు.

ఆ ఆక్రమణ బెలుంలో చెత్త రూపంలో జరిగింది. ఊరికి ఆనుకుని గొయ్యి కనిపిస్తే మనం చేసే పనే అక్కడివాళ్లూ చేశారు. చుట్టుపక్కల చెత్తంతా గుహలో పడేది. రిటైర్డ్ పోలీసు అధికారి ఎం. నారాయణరెడ్డి లాంటివాళ్లు దీని విలువ చెబుతూ పట్టుబట్టి తిరగబట్టి 1988లో ప్రభుత్వం రక్షణ ప్రకటించింది. 1999లో పర్యాటకాభివృద్ధి సంస్థ చేతికి వచ్చాక చెత్త తీసి, బురద తోడి, మెట్లు కట్టి, దీపాలు పెట్టారు. 2002 ఫిబ్రవరిలో జనానికి తెరిచారు. సుబ్బరంగా ఉన్న ఈనాటి గుహను చూస్తే ఒకప్పుడు అది చెత్తకుండీ అన్నా నమ్మబుద్ధి కాదు. చేసినవాళ్లకు ఆ ఘనత దక్కాల్సిందే. కానీ పర్యాటకం గుహను కాపాడినట్టే, గుహకు కొత్త జబ్బులూ తెచ్చింది.

మొదటి జబ్బు వెలుతురు. చీకట్లో పచ్చదనం బతకదు. దీపం పెట్టగానే, దాని చుట్టూ గోడ మీద ఆకుపచ్చని పాచి పుడుతుంది. మనుషుల బట్టల మీద, చెప్పుల మీద వచ్చిన విత్తుల్లాంటి కణాలకు ఆ వెలుగు చాలు. పాచి రాతిని మెల్లగా తినేస్తుంది. రుద్ది కడిగితే రాతి పైపొర కూడా పోతుంది. రెండోది ఊపిరి. వందలమంది వదిలే కార్బన్ డయాక్సైడు ఇరుకు గదిలో నిలిస్తే, సున్నం పేరుకోవాల్సిన చోట మళ్లీ కరగడం మొదలవుతుంది. 1940లో బయటపడిన ఫ్రాన్స్‌లోని లాస్కో గుహను జనం ఊపిరి, దీపాల పాచి కలిసి పాడుచేస్తుంటే 1963లో మూసేయాల్సి వచ్చింది. మూడోది చేతి జిడ్డు. ఒకసారి నూనె అంటిన చోట నీరు తడవదు, తడవని చోట సున్నం పేరుకోదు, ఆ కొన అక్కడితో చచ్చినట్టే.

బెలుంలో సప్తస్వరాల గుహ అని ఒకటి ఉంది. అక్కడి రాతి ఊడలను కర్రతోనో పిడికిలితోనో తడితే స్వరాలు పలుకుతాయని పేరు. పలుకుతాయి, నిజమే. పలికించి చూపించడం, ఫోన్‌లో పట్టుకోవడం రివాజైపోయింది. నన్నడిగితే ఆ రివాజు ఆపాలి. ఒక్కసారి మంచి మైకుతో రికార్డు చేసి ఆ గదిలో వినిపిస్తే సరిపోయేదానికి, వేల ఏళ్ల రాతిని రోజూ కొట్టడం దేనికి?

చెప్పుకోదగిన మంచి ఏర్పాటు పొరుగునే ఉంది. ఛత్తీస్‌గఢ్‌లోని కాంగేర్ లోయ జాతీయ పార్కులో కుటుంసర్ గుహను వానాకాలం మూసేస్తారు. ఆ నెలల్లో గుహలోకి వరద వస్తుంది, వరదతో చీకటి జీవులకు ఏడాది తిండి వస్తుంది. జనానికి ప్రమాదం తప్పుతుంది, గుహకు తీరిక దొరుకుతుంది.

చీకటి జీవులంటే గబ్బిలాలే కాదు. గుహల నీళ్లలో, బావుల అడుగున ఎండ మొహం ఎరగని చిన్న చిన్న జీవులు ఉన్నాయి. చాలావాటికి కళ్లుండవు, ఒంటికి రంగుండదు. ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం ఆచార్యుడు వై. రంగారెడ్డి, ఆస్ట్రేలియన్ మ్యూజియం శాస్త్రవేత్త జార్జ్ విల్సన్ 2011లో ఆంధ్రప్రదేశ్ గుహల నుంచి రొయ్యల కులానికి దూరపు చుట్టమైన ఒక జీవిని వర్ణించి, దాని ప్రజాతికి ఆంధ్రకాయిడెస్ అని పేరు పెట్టారు. ఆ తర్వాత మన సున్నపురాయి గుహల్లో దొరికిన ఇంకో జాతికి బెలుంను కొలిచిన గెబావర్ పేరు పెట్టారు. ఈ జీవుల దగ్గరి బంధువులు ఆస్ట్రేలియాలో ఉన్నాయి. సముద్రం ఈదలేని, గాలిలో ఎగరలేని ఇవి అక్కడికెలా వెళ్లాయి? అవి వెళ్లలేదు. భారతదేశం, ఆస్ట్రేలియా ఒకే ఖండంగా ఉన్నప్పుడు వీటి పూర్వీకులు ఆ నేల నీళ్లలో ఉండేవారు. సుమారు 13 కోట్ల ఏళ్ల కిందట ఖండం చీలి, నేల రెండు దారులు పట్టింది. వాటితో పాటే ఈ జీవులూ విడిపోయాయి. నేల మీద ఎన్ని మార్పులు వచ్చినా, రాతి సందుల్లోని నీటిని అంటిపెట్టుకుని ఇన్నాళ్లు బతికాయి. అవి తట్టుకోలేనిది ఒకటే, ఆ నీరు చెడిపోవడం లేదా ఎండిపోవడం.

రాయి కూడా రికార్డు రాస్తుంది. సున్నపు ఊడను అడ్డంగా కోస్తే పొరలు కనిపిస్తాయి. ఏ పొర ఎప్పటిదో యురేనియం, థోరియం నిష్పత్తి చెబుతుంది. ఆ పొరలో ఆక్సిజన్ పరమాణువుల్లో బరువైనవి ఎన్ని, తేలికైనవి ఎన్ని అని కొలిస్తే ఆ కాలంలో రుతుపవనం ఎంత బలంగా ఉందో తేలుతుంది. వాన జోరుగా ఉంటే తేలిక ఆక్సిజన్ పాలు పెరుగుతుంది. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు కర్నూలు ప్రాంతపు వాల్మీకి గుహ రాయిని ఇలా చదివి, సుమారు 15,000 ఏళ్ల కిందటి ఒక వెయ్యేళ్ల వానల చరిత్రను 2014లో ప్రచురించారు. మేఘాలయలోని మాంలుహ్ గుహ రాయి ఇంకా పెద్ద పేరు తెచ్చుకుంది. 4,200 ఏళ్ల కిందటి కరువు గుర్తు అందులో దొరకడంతో, మనం ఇప్పుడున్న భూచరిత్ర ఘట్టానికి 2018లో మేఘాలయన్ అనే పేరు ఖాయమైంది. కరువు సీమ అని పేరుపడ్డ రాయలసీమ తన కరువుల పద్దును గుహల్లో పొరపొరగా రాసిపెట్టుకుంది. పోతే మళ్లీ రాయించలేం.

ఇక పైకప్పు సంగతి. ఇసుక నేలలో ఇంకిన నీరు వడగట్టుకుంటూ మెల్లగా దిగుతుంది. సున్నపురాయి నేలలో వడపోత ఉండదు. గోతిలో పడ్డ నీరు నెర్రెల్లో దూకి, దారుల్లో పరుగెత్తి ఎక్కడో బావిలో తేలుతుంది. పాతాళగంగ దగ్గర సన్నని ధార కనిపించి లోతుల్లోకి మాయమవుతుంది. అది రెండు కిలోమీటర్ల దూరంలోని బెలుం ఊరి బావికి చేరుతుందని స్థానికుల నమ్మకం. ఇది నిజమో కాదో తేల్చే పద్ధతి చాలా సులువు. ఫ్లోరెసీన్ అనే హాని లేని ఆకుపచ్చ రంగును ధారలో కలిపి, చుట్టుపక్కల బావుల్లో, ఊటల్లో రోజూ నీటి నమూనాలు తీస్తే, ఎక్కడ ఎన్ని రోజులకు రంగు తేలిందో తెలుస్తుంది. సున్నపురాయి ప్రాంతాల్లో ప్రపంచమంతా ఈ పని చేస్తారు. రంగు వెళ్లిన దారినే చేలల్లో చల్లిన ఎరువూ, పురుగుమందూ, మరుగుదొడ్డి నీరూ వెళ్తాయి. గుహ సంరక్షణ అనే మాటకు గేటు, టికెట్టు, గైడు వరకే అర్థం చెప్పుకుంటే ఈ దారి మొత్తం మన లెక్కలోంచి జారిపోతుంది.

దానికంటే పెద్ద తగువు రాయితోనే ఉంది. మన గుహలున్న రాయీ, మన బండలూ సిమెంటూ వచ్చే రాయీ ఒకటే. బేతంచెర్ల, తాడిపత్రి, కొలిమిగుండ్ల, ఎర్రగుంట్ల చుట్టూ వేల కుటుంబాలు నాపరాయి గనుల మీద, సిమెంటు మీద బతుకుతున్నాయి. గనులన్నీ మూసేయమనడం బాధ్యత లేని మాట. కానీ గనికి లీజు ఇచ్చే ముందు ఆ రాయి కింద గుహ ఉందో లేదో చూడాలన్న నిబంధన పెద్ద కోరికేమీ కాదు. పేలుడు అదురుకు గుహ పైకప్పు నెర్రెలివ్వచ్చు. మట్టి తవ్వేస్తే పైన చెప్పుకున్న పులుపు ఆగిపోయి, ఊడల పెరుగుదల నిలిచిపోవచ్చు. గనిలోంచి నీరు తోడితే కిందినున్న ధారలు ఎండవచ్చు. 2022 డిసెంబరులో కేంద్ర గనుల మంత్రిత్వ శాఖ భూవారసత్వ స్థలాల రక్షణకు ఒక ముసాయిదా బిల్లును ప్రజల ముందు పెట్టింది. అలాంటి చట్టం ఎప్పుడు వచ్చినా, పేరున్న గుహ ద్వారాన్ని కాపాడి దాని నీరు వచ్చే నేలను వదిలేస్తే సగం పనే అవుతుంది. గుహకు సరిహద్దు గీయాల్సింది ద్వారం చుట్టూ కాదు, దానిలోకి నీరు దిగే మేరంతా.

పేరున్న బెలుంకు అడిగేవాళ్లున్నారు. పేరులేని గవులే అసలు ప్రమాదంలో ఉన్నాయి. కర్నూలు, నంద్యాల, కడప, పల్నాడు జిల్లాల్లో మీ ఊరి పొలిమేరలో గొర్రెల కాపరులకు మాత్రమే తెలిసిన బిలం ఏదైనా ఉంటే, లోపలికి ఒంటరిగా దిగకండి. కదలని గాలిలో కార్బన్ డయాక్సైడు కిందికి పేరుకుని స్పృహ తప్పించవచ్చు. అది ఎక్కడుందో రాసి, దగ్గరి విశ్వవిద్యాలయం భూవిజ్ఞాన విభాగానికి పంపండి. అందులో చెత్త పోయనివ్వకండి. దాని పక్కన గనికి అర్జీ వచ్చినప్పుడు, ముందు కొలిచి పటం గీసి చూపించమని గ్రామసభలో లేచి అడగండి.